ప్రాథమిక బడిలో నాయకత్వాన్ని పంచుకోవడం ఎలా?

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. ప్రధానోపాధ్యాయుని పోస్టు ప్రత్యేకంగా ఉండవలసింది మాత్రం పిల్లల సంఖ్య 150 దాటినప్పుడే. అందువల్ల గుంటూరు చుట్టుపక్కల చిన్న మండల పరిషత్ బడుల్లో పాఠం చెప్పే ఉపాధ్యాయుల్లోనే ఒకరు ప్రధానోపాధ్యాయుని బాధ్యత కూడా తీసుకుని బడి భారమంతా మోయవలసి వస్తుంది. ఆ ఒక్కరు రిజిస్టర్లు, ఆన్‌లైన్ హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కలతో సతమతమవుతుంటే ఆయన తరగతి పిల్లలు నష్టపోతారు. ఇది చూస్తూ ఊరుకోదగిన విషయం కాదు.

ముందుగా జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే అందరూ కూర్చుని బాధ్యతలను పంచుకోవాలి. ఇక్కడ జాగ్రత్త అవసరం. భోజనం రిజిస్టరు ఒకరికి అప్పగించి, ప్రతి చిన్న మార్పుకూ ప్రధానోపాధ్యాయుని అనుమతి అడగమంటే చాకిరీ మాత్రమే పంచినట్లవుతుంది. ఏ అంశం అప్పగిస్తే ఆ అంశంలో నిర్ణయాధికారం కూడా ఇవ్వాలి. సంతకానికి సంబంధించిన చట్టబద్ధమైన బాధ్యత ఎలాగూ ప్రధానోపాధ్యాయునిదే.

ఉదాహరణకు హాజరును తీసుకుందాం. సంక్రాంతి దాటి మిరప కోతలు ముమ్మరమయ్యాక కూలి కుటుంబాల పిల్లలు తల్లిదండ్రుల వెంట చేలకు పోవడమో, చంటిబిడ్డను చూసుకుంటూ ఇంటి దగ్గర ఉండిపోవడమో జరుగుతుంది. హాజరు బాధ్యత తీసుకున్న టీచరు డిసెంబరులోనే ఆ పిల్లల పేర్లు రాసుకుని, పాఠశాల యాజమాన్య కమిటీలోని తల్లులతో మాట్లాడాలి. చట్టం ప్రకారం ఈ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి గనుక, తెల్లవారుజామున కూలీల ఆటో కదలకముందే ఆ ఇంటి గడప తొక్కగలిగినవారు అందులోనే దొరుకుతారు.

బోధనలో కొత్త ప్రయత్నానికీ ఇదే పద్ధతి వర్తిస్తుంది. రెండు, మూడు తరగతుల పిల్లలను రోజూ ఒక పీరియడు తరగతితో నిమిత్తం లేకుండా చదివే స్థాయిని బట్టి కూర్చోబెట్టాలని ఒక టీచరు అనుకున్నారనుకోండి. అక్షరాలు గుర్తుపట్టేవారు ఒకచోట, ఒత్తులు, గుణింతాల దగ్గర తడబడేవారు ఒకచోట, వాక్యం చదవగలిగినవారు వరండాలో కూర్చుంటారు. ఆ పీరియడులో మిగిలిన తరగతులను ప్రధానోపాధ్యాయులే చూసుకోవాలి. మాటసాయం కంటే ఈ సాయమే ఎక్కువ విలువైనది. మొదటి రోజున ఒక్కొక్కరి చేత నాలుగు వాక్యాల పేరా చదివించి, ఎక్కడ ఆగారో నోటుపుస్తకంలో రాసుకోవాలి. నెల తరువాత అంతే కష్టమున్న మరో పేరాతో పోల్చి చూస్తే ప్రయత్నం ఫలించిందో లేదో తెలుస్తుంది. ఫలించకపోతే ఎవరినీ తప్పుపట్టకూడదు. ఒక్కసారి మందలింపు ఎదురైతే ఆ బడిలో ఇక ఎవరూ కొత్తదానికి పూనుకోరు.

వారానికొకసారి బడి విడిచాక అరగంట సమావేశం చాలు. అందులో సర్క్యులర్లు చదవకుండా, ఆ నోటుపుస్తకాన్నే ముందు పెట్టుకుని మాట్లాడుకోవాలి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలుసుకునే స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి కూడా ప్రయత్నం చేసిన టీచరునే పంపి, ఆమె చేతనే వివరింపజేయాలి. బదిలీ అయి వెళ్లేటప్పుడు చార్జి అప్పగించే రికార్డులతో పాటు ఆ నోటుపుస్తకాన్ని కూడా కొత్తగా వచ్చినవారికి అందజేయాలి.