600 బ్రెవెకి ముందు నిద్ర లెక్క తేల్చుకోండి

బ్రెవె అంటే గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ రైడ్, 600 అంటే 600 కిలోమీటర్లు. అందులో నిద్రమత్తులో రైడర్ డివైడర్‌ని గుద్దాడనో, మలుపులో రోడ్డు దిగిపోయాడనో తెలిసినప్పుడల్లా చర్చ హెల్మెట్ మీదకే మళ్లుతుంది. హెల్మెట్, లైట్లు, రిఫ్లెక్టివ్ జాకెట్ లేకుండా 600కి వచ్చేవాళ్లు ఎలాగూ ఉండరు. కొంప ముంచేది "వచ్చే కంట్రోల్ దాకా లాగించేద్దాం" అనే మాట. కంట్రోల్ అంటే దారిలో ఆగి హాజరు వేయించుకోవాల్సిన చోటు.

600కి గడువు 40 గంటలు. గంటకు 20 చొప్పున తొక్కితే 30 గంటల పని, మిగిలేది పది. కంట్రోల్ కంట్రోల్‌కీ అరగంట కబుర్లతో ఆ పదీ కరిగించేసి, అర్ధరాత్రి దాటాక నిద్రకి మాత్రం టైము లేదంటారు. ఎక్కడ ఎంతసేపు పడుకోవాలో ఇంటి దగ్గరే కాగితం మీద రాసుకోండి.

తెల్లవారుజామున 2 నుంచి 5 దాకా గడ్డుకాలం. దాటొచ్చిన రెండు కిలోమీటర్లు గుర్తులేవా? చక్రం తెల్లగీత మీదకి పోతోందా? చెట్టు మనిషిలా కనిపించిందా? అయితే మధ్యమధ్యలో కునుకు పడుతున్నట్టే. 40 వేగంతో వాలు దిగుతూ మూడు సెకన్లు కన్నంటుకుంటే 33 మీటర్లు గుడ్డిగా పోయినట్టు. పాటలు, చన్నీళ్లు, పక్కవాడితో మాటలు దీన్ని ఆపలేవు.

ఆగండి. కాఫీ తాగి వెంటనే పడుకోండి, 20 నిమిషాలకి అలారం పెట్టండి. కాఫీ పనిచేయడానికీ దాదాపు అంతసేపే పడుతుంది కాబట్టి రెండూ కలిసొస్తాయి. వెలుతురున్న చోట, రోడ్డుకి దూరంగా పడుకోండి. ఒళ్లు చల్లబడుతుంది, జాకెట్ విప్పొద్దు. లేవగానే వాలు దిగడం మొదలెట్టొద్దు, పది నిమిషాలు నడవండి.

మిగతావి:

- వచ్చే కంట్రోల్ దాకా అనొద్దు.
- వెనక లైటుని సీటు బ్యాగ్ కప్పేస్తోందేమో, బ్యాగ్ నింపాకే చూడండి. ఖాళీ బ్యాగ్‌తో చూస్తే లాభం లేదు.
- పంక్చరైతే కొత్త ట్యూబ్ వేసేముందు టైరు లోపలంతా వేలితో తడమండి. ముల్లు అక్కడే ఉంటే రెండో ట్యూబూ పోతుంది.
- ఉత్త నీళ్లే లీటర్లకొద్దీ తాగొద్దు. రక్తంలో ఉప్పు పలచబడి వాంతులు, తికమక మొదలవుతాయి, చూసేవాళ్లు నిద్రమత్తనుకుంటారు.
- కొత్త సీటు, కొత్త బూట్లు ఆరోజు వద్దు.
- రాత్రి నల్లద్దాలు తీసేయండి.
- నిద్రొస్తున్నవాణ్ణి గుంపులో లాక్కుపోవద్దు. వాడు పడితే వెనకున్నవాళ్లూ పడతారు.
- గడువు దాటితే దాటనీయండి, పడుకోండి. డీఎన్ఎఫ్ (పూర్తిచేయలేదని లెక్క) అయితే మళ్లీ తొక్కుకోవచ్చు.
- ఫినిష్ అయ్యాక కారు స్టీరింగ్ పట్టొద్దు. ఇంటికి గంట ప్రయాణమే అయినా సరే, నిద్రపోయి లేచాకే.