సెమిస్టర్‌లో లెక్కలున్న పేపర్లకు ముందు చూసుకోవాల్సినవి

తిరుపతిలో డిగ్రీ సెమిస్టర్ పరీక్షలు రాయబోయేవాళ్లకు. హాల్‌టికెట్ సంగతి ఇంట్లోవాళ్లే గుర్తుచేస్తారు, ఇవి గుర్తుచేయరు.

• వడ్డీ రేటు, గడువు ఒకే కొలతలో ఉన్నాయా? లక్ష అప్పు, ఏడాదికి 12 శాతం, 60 నెలలు. నెలకు 1 శాతం అని వేస్తే ఈఎంఐ సుమారు 2,224. ఆ 12ని అలాగే పెట్టి 60 నెలలకు లెక్కిస్తే 12,013 వస్తుంది. సూత్రం సరిగ్గానే ఉంటుంది కాబట్టి ఎంత వెతికినా తప్పు దొరకదు. అందుకే ముందే లక్షను 60తో భాగించి పక్కన రాసుకోండి: 1,667. ఈఎంఐ దానికి కాస్త పైన ఉండాలి, ఏడు రెట్లు కాదు.

• కాలిక్యులేటర్‌లో సైన్ 30 నొక్కండి. 0.5 రాకుండా మైనస్ 0.988 వస్తే అది కోణాన్ని డిగ్రీల్లో కాక రేడియన్లలో తీసుకుంటోంది. అడిగి తెచ్చుకున్నదైతే మరీ ముఖ్యం.

• ఘాట్ రోడ్డు బస్సు వేగం గంటకు 54 కిలోమీటర్లంటే సెకనుకు 15 మీటర్లు. బ్రేకు వేశాక ఆగే దూరంలో వేగానికి వర్గం ఉంటుంది. 54ని 15గా మార్చకపోతే జవాబు దాదాపు 13 రెట్లు పెరుగుతుంది.

• ప్రామాణిక విచలనం (విలువలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) శాంపిల్‌కా, మొత్తం పాపులేషన్‌కా? ఎన్ అంటే విలువల సంఖ్య. 2, 4, 6కి ఎన్ మైనస్ 1తో భాగిస్తే 2, ఎన్‌తో భాగిస్తే 1.63.

• ఎలాస్టిసిటీకి (ధర మారితే డిమాండ్ ఎంత మారుతుందో చెప్పే కొలత) ఏ పద్ధతి అడిగారు? తోతాపురి మామిడి కిలో 20 నుంచి 25కి పెరిగి, డిమాండ్ 100 కిలోల నుంచి 80కి పడిందనుకోండి. మామూలు పద్ధతిలో 0.8, తిరగేసి 25 నుంచి 20కి లెక్కిస్తే 1.25. మధ్యబిందువు పద్ధతిలో ఎటునుంచైనా 1. మైనస్ గుర్తు వదిలేస్తే ఆ మాట రాయండి.