మట్టి కుండీలకు రంగులు: ముందుగా లోపలి చెమ్మ సంగతి

మట్టి కుండీకి ముచ్చటపడి వేసిన రంగు ఏడాది తిరగకుండా పెచ్చులుగా ఊడిపోతే చాలామంది వానను తప్పుపడతారు. నిజానికి ఎక్కువ హాని చేసేది కుండీ లోపల మనం పోసే నీరే. కాల్చిన మట్టికి కంటికి కనిపించని రంధ్రాలు ఉంటాయి కనుక, మొక్కకు పోసిన నీరు గోడలోంచి మెల్లగా బయటికి ఊరుతూ, మట్టిలోనూ ఎరువులోనూ ఉన్న లవణాలను వెంట తెచ్చి, రంగు పొర వెనుక ఆగుతుంది. ఆ నీరు ఆవిరైపోగా మిగిలిన ఉప్పు పేరుకుని పొరను పైకి లేపుతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీరపు ఊళ్లలో ఉప్పు తగిలే బోరు నీటినే మొక్కలకు పోసే ఇళ్లలో ఈ బెడద మరీ ఎక్కువ.

కుండీ కొనేటప్పుడు వేలి కణుపుతో తట్టి చూడాలి. బాగా కాలినది ఖంగుమంటుంది. బీట ఉన్నదీ, ఆవంలో సరిగా కాలనిదీ మొద్దుగా పలుకుతుంది. అడుగున రంధ్రం లేని కుండీ ఎంత అందంగా ఉన్నా మొక్కకు పనికిరాదు. పని మొదలుపెట్టడానికి సంక్రాంతి దాటిన తరువాతి పొడి రోజులు అనువైనవి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈ తీరానికి తుఫానుల బెదురు ఉంటుంది కనుక ఏ పూతా సరిగా ఆరదు.

కొత్త కుండీనైనా పీచుతో తోమి కడిగి, రెండు మూడు రోజులు మంచి ఎండలో ఆరబెట్టాలి. పాత కుండీ మీద తెల్లగా పేరుకున్న ఉప్పును పొడి బ్రష్‌తో రాల్చి, తరువాత కడగాలి. ఆపైన 120 నంబరు గరుకు కాగితంతో ఒకసారి రుద్ది, దుమ్మును తడిగుడ్డతో తుడిచి, మళ్లీ ఆరనివ్వాలి.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవలసి ఉంటుంది. కలబంద, జెముడు జాతి మొక్కలు వేర్ల దగ్గర తడి నిలవడాన్ని ఓర్వవు; వాటి కుండీ గోడ గాలి పీల్చేలా ఉండాలి కనుక సున్నం, జాజు (ఎర్రమట్టి రంగు) చాలు. కుండీని కొద్దిగా తడిపి, వడగట్టిన సున్నపు నీటిని పలుచగా రెండు పూతలు వేస్తే సరిపోతుంది. ఇవి వానకు కొంత కరుగుతాయి, పండగకు మళ్లీ వేసుకోవాలి. మా వైపు అరుగులకు చేసే పనే అది, కష్టమేమీ కాదు. బంతి, మందారం వంటి నీరు కోరే మొక్కలకు మాత్రం ఎమల్షన్ రంగులు వాడుకోవచ్చు. అప్పుడు ముందుగా లోపలి గోడకు నీటితో కలిపే అక్రిలిక్ సీలర్‌ను (రంధ్రాలను మూసే పూతను) రెండు పూతలు వేసి, అడుగు రంధ్రం మూసుకుపోకుండా చూసుకోవాలి. ఈ పని మానేసి బయట ఎంత ఖరీదైన రంగు వేసినా డబ్బు దండగ.

బయటి వైపు ఒక పూత ప్రైమర్, దానిపై బయటి గోడలకు వాడే ఎమల్షన్ రెండు పలుచని పూతలు, పూతకూ పూతకూ నడుమ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. రంగును అంచు మీదుగా లోపలికి రెండు అంగుళాల వరకు దింపాలి, ఎందుకంటే పెచ్చు లేవడం సాధారణంగా అంచు దగ్గరే మొదలవుతుంది. ముదురు రంగులు వేసవి ఎండలో వేర్లను ఉడికిస్తాయి కనుక లేత రంగులే మేలు. ఇంట్లో ఏనాటిదో పాత ఎనామిల్ డబ్బా ఉంటే కూరమొక్కల కుండీలకు వాడవద్దు; ఇంటి రంగుల్లో విషపదార్థమైన సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులోనే అమలుకు వచ్చింది.

ఇక అలంకరణ. చుక్కల ముగ్గును కుండీ మీదికి దించబోతే పైన వెడల్పు, కింద ఇరుకు కావడంతో లెక్క తప్పుతుంది. అందుకు ఒక దారాన్ని అంచు చుట్టూ సరిగ్గా చుట్టి, తెంపి, మూడుసార్లు సగానికి మడిస్తే ఎనిమిది సమాన భాగాలు వస్తాయి. ఆ కొలతతో అంచున సుద్దముక్కతో గుర్తులు పెట్టి, అడుగున కూడా అలాగే చేసి, పై గుర్తునూ కింది గుర్తునూ కలిపితే, ప్రతి గడిలోనూ ముగ్గు వంకర లేకుండా కుదురుతుంది. చుట్టూ గీత గీయడానికి కుండీని బోర్లించిన గిన్నె మీద ఉంచి, కుడి మోచేతిని బల్లకు ఆనించి బ్రష్‌ను కదలనీయకుండా, ఎడమచేత్తో కుండీనే తిప్పాలి.

జాజు రంగు మీద తెల్లని బొమ్మలు వేయదలచినవారు సీతంపేట ప్రాంతపు సవర గిరిజనుల గోడచిత్రాలను గమనించవచ్చు: చుట్టూ గీతల చట్రం, లోపల సన్నని మనుషులు, చెట్లు, జంతువులు. అవి వారి దేవతల కొలుపులకు సంబంధించిన చిత్రాలు కనుక ఉన్నవాటిని ఎత్తి రాయడం కంటే, ఆ పద్ధతిలో మన పెరటి కోడినో, కొబ్బరిచెట్టునో గీసుకోవడం మర్యాదగా తోస్తుంది.

ఎమల్షన్ బొమ్మలు ఒక రోజంతా ఆరాక నీటి ఆధారిత వార్నిష్ రెండు పూతలు వేసి, వారం ఆగి మట్టి నింపాలి. కుండీని నేల మీద కాకుండా మూడు ఇటుక ముక్కలపై నిలబెట్టాలి. సీలర్ వేసిన కుండీలో తడి త్వరగా ఆరదు కనుక, నీరు పోసేముందు వేలిని అంగుళం లోతుకు గుచ్చి, మట్టి పొడిగా తగిలితేనే పోయాలి.