ఊరి కలుపు పని, 3వ పాఠం: ఏ చుక్క ముందు, ఎవరి నేల ముందు

పోయిన రెండు పాఠాల్లో మొక్కని గుర్తుపట్టడం, అది ఎక్కడెక్కడ ఉందో మ్యాపు మీద చుక్కలు పెట్టడం అయ్యాయి. ఆ మ్యాపు ముందు పెట్టుకునే ఈ పాఠం చదవండి. మీరు పంచాయతీలో పనిచేసినా, వార్డు మెంబరైనా, ఏ పదవీ లేకుండా ఊరి కోసం తిరిగేవాళ్లైనా ఇక్కడి నుంచి పని ఒకటే: ఆ చుక్కల్లో దేన్ని ముందు పట్టుకోవాలి, ఆ నేల ఎవరిది, వాళ్లని ఎలా కదిలించాలి.

ఉదాహరణకి మళ్లీ వయ్యారిభామ (పార్థీనియం) కలుపునే తీసుకుంటాను. అమెరికా ఖండాల్లో పుట్టిన ఈ మొక్క ఆసియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా దాకా పాకింది, ఎలా పాకిందో దాని లెక్క చూస్తేనే తెలుస్తుంది. మొలిచాక నాలుగు నుంచి ఆరు వారాల్లో పూతకొస్తుంది, బాగా ఎదిగిన మొక్క ఒక్కటే 15,000కి పైగా గింజలు రాల్చగలదు, మట్టిలో కూరుకుపోయిన గింజ కొన్నేళ్లు బతికే ఉండి తడి తగలగానే లేస్తుంది. కాబట్టి ఏడాదికి ఒకరోజు అందరూ కలిసి పీకి, ఫొటోలు దిగి ఇళ్లకి వెళ్లిపోతే ఏమీ అవ్వదు, తర్వాతి వానకే నేల మళ్లీ నిండుతుంది. కొత్త గింజ నేల మీద పడకుండా చూడటమే అసలు పని, ఈ పాఠంలో తీసుకునే ప్రతి నిర్ణయాన్నీ దానితోనే కొలవండి.

చిన్న చుక్క నుంచి మొదలుపెట్టండి

మ్యాపు చూడగానే ఎవరికైనా కన్ను పెద్ద మరక మీదకే పోతుంది. ఎకరాలకి ఎకరాలు తెల్లగా పూసి ఉంటుంది, జనం తిడుతూ ఉంటారు, ఫిర్యాదులన్నీ దాని గురించే వస్తాయి. ఉన్న కూలీలనీ, ఉన్న డబ్బునీ అక్కడే దించితే నెల తర్వాత అందులో ఓ మూల మాత్రం శుభ్రంగా కనబడుతుంది, ఈలోపు ఊరికి అటు చివర పది మొక్కలున్న చోట వంద అవుతాయి. నేను చెప్పేది దీనికి తిరగేసి: విడిగా, దూరంగా, కొత్తగా మొలిచిన చిన్న గుంపులు ముందు. వాటిని పూర్తిగా లేకుండా చేయగలం, ఇద్దరు మనుషులు ఒక పూటలో వేళ్లతో సహా పీకేయగలరు. పెద్ద మరకని మాత్రం అంచుల నుంచి లోపలికి నెట్టుకుంటూ రావాలి, అది అక్కడి నుంచి దాటకుండా ఉంటే ఈ ఏడాదికి చాలు.

ఇది నా సొంత అభిప్రాయం మాత్రమే అనుకోకండి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో కౌంటీ స్థాయిలో కలుపు బోర్డులు ఉంటాయి, అక్కడ హానికర కలుపుల్ని చట్టప్రకారం ఏ, బీ, సీ అని మూడు తరగతులు చేశారు. ఇంకా పెద్దగా పాకనివి 'ఏ' తరగతి, వాటిని భూమి ఎవరిదైనా సరే పూర్తిగా నిర్మూలించాల్సిందే. కొన్ని ప్రాంతాల్లోనే ఉన్నవి బీ, ఇంకా చేరని చోట అడ్డుకోవడం ముఖ్యం. అన్నిచోట్లా పాతుకుపోయినవి సీ, వాటిని ఎంతవరకు పట్టించుకోవాలో కౌంటీ తేల్చుకుంటుంది. అంటే తక్కువ ఉన్న మొక్క మీదే చట్టం ఎక్కువ గట్టిగా ఉంది. మీ మ్యాపులో కూడా ప్రతి చుక్క పక్కన ఏ, బీ, సీ రాసుకోండి, ఊరంతటికీ ఒకే మొక్క అయినా చోటుని బట్టి తరగతి మారొచ్చు, ఫర్వాలేదు.

రెండో ప్రశ్న, ఈ చుక్క నుంచి గింజ ఎక్కడికి పోగలదు? పది మొక్కలు నాలుగు గోడల మధ్య ఖాళీ స్థలంలో ఉండటం వేరు, కాలవ గట్టు మీద ఉండటం వేరు. రోడ్డు మార్జిన్, కాలవ గట్టు, మట్టీ కంకరా కుప్ప పోసే చోటు, ట్రాక్టర్లూ జేసీబీలూ నిలిపే చోటు, పశువుల సంత, ఈ ఐదూ చిన్న చుక్కలైనా 'ఏ' తరగతిలోకే వస్తాయి, ఎందుకంటే అక్కడి నుంచి గింజ నీళ్లలోనో, టైర్లకి అంటుకున్న బురదలోనో, మట్టి లోడులోనో ఊరు దాటిపోతుంది. గుర్రపుడెక్క లాంటి నీటి కలుపైతే ఎప్పుడూ ఎగువ నుంచి దిగువకి రావాలి. పైన చెరువులో వదిలేసి కింద తూము దగ్గర తీస్తూ ఉంటే ఆ పనికి అంతుండదు.

మూడోది, పూత వచ్చిందా లేదా. పూత రాకముందు పీకిన మొక్క అక్కడే ఎండినా నష్టం లేదు. పూత వచ్చిందంటే గింజ రాలకుండా సంచిలో వేసి తేవాలి, కుప్పగా బయట పడేయకూడదు, బండిలో మూత లేకుండా తరలించకూడదు. రోడ్డు పక్క గడ్డి కోసే మిషను గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వయ్యారిభామని మిషనుతో కోస్తే మొదలు దగ్గర నుంచి మళ్లీ చిగుళ్లు వేసి, ఇంకా పొట్టిగా, బ్లేడుకి అందనంత కింద పూస్తుంది. గింజ పట్టాక కోస్తే ఆ మిషనే రోడ్డు పొడుగునా విత్తనాలు చల్లుకుంటూ పోతుంది. కాబట్టి గడ్డి కోసే కాంట్రాక్టు ఎవరికి ఇచ్చారో కనుక్కుని, కలుపున్న చోట ముందు చేత్తో పీకించాకే మిషను దింపమని, ఒక రోడ్డు అయ్యాక మిషను దులిపి కడిగాకే ఇంకో రోడ్డుకి తీసుకెళ్లమని పని ఒప్పందంలోనే రాయించండి. నోటిమాటగా చెప్తే డ్రైవరు మారగానే పోతుంది.

పీకేవాళ్లకి చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా, మాస్కు తప్పనిసరి. దీని ఆకు తగిలితే దురద, దద్దుర్లు, పుప్పొడితో జలుబు, ఆయాసం చాలామందికి వస్తాయి. ఉబ్బసం ఉన్నవాళ్లని ఈ పనికి పిలవకండి, వాళ్లంతట వాళ్లు వస్తామన్నా వద్దనండి.

హద్దు దగ్గర

ఇప్పుడు కష్టమైన భాగం. చుక్కల్లో కొన్ని ప్రభుత్వ నేలలో ఉంటాయి, కొన్ని పట్టా భూముల్లో, చాలావరకు సరిగ్గా హద్దు మీదే, గట్టుకి అటూ ఇటూ. ఒక్కో చుక్కకీ నేల ఎవరిదో, ఇప్పుడు ఎవరు సాగు చేస్తున్నారో రెండూ రాసుకోండి, చాలాసార్లు ఈ రెండు పేర్లూ వేరుగా ఉంటాయి. ఇంగ్లండులో 1959 నాటి కలుపు చట్టం ప్రకారం నోటీసు వెళ్లేది ఆ భూమిని అనుభవిస్తున్నవాళ్లకి. ఎక్కడో పట్నంలో ఉన్న యజమానికి మాత్రమే ఉత్తరం వేసి కూర్చుంటే మనకి కావలసిన నాలుగు వారాలూ గడిచిపోతాయి, పొలంలో రోజూ ఉండే కౌలుదారుకి విషయమే తెలియదు. ఇద్దరికీ చెప్పండి.

ఆ చెప్పడానికి వెళ్లేముందు ప్రభుత్వ వైపు శుభ్రం చేయండి. ఈ వరస మార్చకండి, దీని మీద నాకు చాలా గట్టి అభిప్రాయం ఉంది. రోడ్డు మార్జినంతా పూసి ఉండగా పక్క రైతుకి నోటీసు ఇస్తే ఆయన మొదటి మాట "ముందు మీది పీకండి" అని, అది న్యాయమైన మాట. పైగా మన వైపు వదిలేస్తే ఆయన ఎంత పీకినా గింజ మళ్లీ ఆయన పొలంలోకే వస్తుంది, రెండోసారి ఇక ఎందుకు పీకుతాడు? ఆస్ట్రేలియాలో క్వీన్స్‌ల్యాండ్ రాష్ట్రం 2014లో చేసిన జీవభద్రత చట్టంలో ముప్పు తగ్గించడానికి చేయదగినంత చేయాలన్న సాధారణ బాధ్యత ప్రతి ఒక్కరి మీదా పెట్టారు, స్థానిక సంస్థలు తమ ప్రాంతానికి ప్రణాళిక రాసుకుని ఉండాలన్నారు. మీ దగ్గర అలాంటి చట్టం ఉన్నా లేకపోయినా ముందు మన వైపు, తర్వాత పక్కవాళ్ల వైపు అన్న వరస పాటించొచ్చు.

మన వైపు అయ్యాక కాగితం లేకుండా మనిషిగా వెళ్లండి. మొక్కని చేత్తో చూపించండి, ఏ గట్టు మీద ఎంతమేర ఉందో ఆయనతో కలిసి నడవండి, "అన్నా, మా వైపు పోయిన వారమే తీసేశాం, మీ గట్టు మీద ఇంకా పూత రాలేదు, వచ్చే పది రోజుల్లో తీస్తే మళ్లీ రాకుండా ఉంటుంది" అన్నట్టు మామూలుగా మాట్లాడండి. మొదటి మాటే జరిమానా గురించి అయితే ఆయన మన పని వైపు చూడడు, మన అధికారం వైపు చూస్తాడు. చాలామందికి ఈ మొక్క పేరే తెలియదు, కొందరికి పీకడానికి మనిషి దొరకడు. ఆ రెండో రకం వాళ్లకి మన కూలీల జట్టు అదే రోజు గట్టు దాటి సాయం చేస్తే, ఆ కాస్త కూలీ ఖర్చు తర్వాత పదింతలు మిగులుస్తుంది. రాతపూర్వకంగా అనుమతి తీసుకునే దాటాలి, అది మర్చిపోకండి.

మాటతో కదలని చోట నోటీసు. అందులో మొక్క పేరు, ఫొటో, సర్వే నంబరుతో పాటు పొలంలో ఏ మూలన ఉందో, ఏం చేయాలో, ఎప్పటిలోగా చేయాలో, సందేహం ఉంటే ఎవరిని అడగాలో, ఒప్పుకోకపోతే ఎక్కడ అప్పీలు చేసుకోవచ్చో ఉండాలి. "కలుపు తొలగించవలెను" అని ఒక్క వాక్యం రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. గడువుని మొక్క వయసుని బట్టి పెట్టండి, ఆఫీసు అలవాటు ప్రకారం ముప్పై రోజులు ఇస్తే మొలక కాస్తా పువ్వై కూర్చుంటుంది. గడువు దాటితే వాషింగ్టన్‌లోలాగా బోర్డే మనుషుల్ని పెట్టి తీయించి ఖర్చు యజమాని నుంచి రాబట్టే అధికారం కొన్నిచోట్ల ఉంది. మీ దగ్గర ఉందో లేదో మీ చట్టం చదివి, సెక్షను నంబరు నోటీసులో రాయగలిగితేనే ఆ దారిలో వెళ్లండి. అధికారం లేకుండా ఒకరి పొలంలో మందు కొట్టడం నేరం అవుతుంది, ఊళ్లో ఉన్న నమ్మకం కూడా పోతుంది.

మందుల సంగతి ఐదో పాఠంలో విడిగా వస్తుంది. అప్పటిదాకా చేతి పని ఒక్కటే.

ఈ వారం చేయాల్సింది

మ్యాపులో ప్రతి చుక్కకీ నాలుగు గడులు గీయండి: తరగతి, గింజ పోయే దారి, పూత ఉందా, నేల ఎవరిది. తర్వాత 'ఏ' తరగతిలో ఉండి, పూత రాకుండా, ప్రభుత్వ నేలలో ఉన్న మూడు చుక్కలు ఎంచుకుని పీకించండి. పీకిన తేదీ రాసి, దాని పక్కనే మూడు వారాల తర్వాతి తేదీ కూడా ఇప్పుడే రాయండి, ఎందుకంటే ఆ రోజు మీరు అక్కడికి వెళ్లి కొత్త మొలకలు లెక్కపెట్టాలి. ఆ లెక్కతోనే 4వ పాఠం మొదలవుతుంది.