ఓవర్‌క్లాకింగ్ చేశారా? మే నెలలో మళ్లీ పరీక్షించండి

డెస్క్‌టాప్ ప్రాసెసర్ వేగాన్ని కంపెనీ పెట్టిన హద్దు దాటించాలన్న (ఓవర్‌క్లాకింగ్) ఉబలాటం ఉన్నవారికి ఒక మాట. డిసెంబరు రాత్రి గంటల తరబడి నిలిచిన సెట్టింగు మే మధ్యాహ్నం నిలవకపోవచ్చు. మామూలు ఫ్యాను కూలరైనా, నీటి కూలరైనా చిప్‌ను గది ఉష్ణోగ్రత కంటే కిందికి దించలేదు. గది 22 డిగ్రీల నుంచి 38కి చేరితే చిప్ కూడా దాదాపు ఆ 16 డిగ్రీలూ ఎక్కుతుంది. అందుకే చలికాలంలో పరీక్షిస్తే, పూర్తి భారం మీద 75 డిగ్రీలు దాటనివ్వకండి.

నిజానికి వేగం కన్నా ఎక్కువగా వేడి పుట్టించేది వోల్టేజీ. విద్యుత్ ఖర్చు వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి పెరుగుతుంది. 1.25 వోల్టులను 1.35 చేసి, వేగం 5 శాతం పెంచారనుకోండి, వేడి సుమారు 22 శాతం పెరుగుతుంది. నాకైతే ఇది గిట్టుబాటు బేరంగా కనిపించదు.

అయితే ఏఎండీ కంపెనీ రైజెన్ 9 7950ఎక్స్ వంటి ప్రాసెసర్లు పూర్తి భారం మీద 95 డిగ్రీల దాకా వెళ్లేలాగే తయారయ్యాయి. వాటికి బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవుతూనే తెరుచుకునే సెట్టింగుల తెరలో) విద్యుత్ వాడకానికి హద్దు పెట్టే ఎకో మోడ్ పెట్టి చూడండి, లేదా వోల్టేజీని కొద్దికొద్దిగా తగ్గించండి. ఆటల్లో తేడా పెద్దగా తెలియదు, ఫ్యాను రొద మాత్రం తగ్గుతుంది.