మోటారు వీల్‌చైర్‌కి దరఖాస్తు: శ్రీకాకుళం జిల్లావాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి, కంట్రోల్ గురించి ఏం అడగాలి

మా బావది కవిటి మండలం. కొబ్బరికాయల దింపుకి వెళ్ళి చెట్టు మీంచి పడ్డాడు. మెడ దగ్గర వెన్నుపూస దెబ్బతింది. కాళ్ళు రావు, కుడి చేతి వేళ్ళలో పట్టు లేదు. ఎడమ మోచెయ్యి వంగుతుంది, ఎడమ మణికట్టు పైకి లేస్తుంది. దివ్యాంగులకి పరికరాలిచ్చే శిబిరంలో పేరు రాయించిన కొన్ని నెలలకి మోటారు కుర్చీ వచ్చింది. వీధి వీధంతా చూడ్డానికి వచ్చారు. తీరా చూస్తే దాన్ని నడిపే చిన్న కర్ర లాంటి మీట, జాయ్‌స్టిక్, కుడివైపు ఉంది.

"ఒరే, కుర్చీ బాగానే ఉంది గానీ నా మాట వినదురా" అన్నాడు. ఆ కుర్చీ నాలుగు నెలలు అరుగు మీద టార్పాలిన్ కింద ఉండిపోయింది.

తర్వాత ఒక ఫిజియోథెరపిస్టు ఇంటికొచ్చి చూసింది. చెయ్యి ఆనించుకునే పట్టీ కింద ఒక గొట్టం, దాన్ని బిగించిన ఒక అలెన్ బోల్టు (ఆరు పలకల కీతో తిప్పేది) ఉన్నాయి. బోల్టు వదులు చేసి గొట్టం లాగింది. కేబుల్ కట్టిన ప్లాస్టిక్ ట్యాగులు కత్తిరించి, దాన్ని సీటు వెనక నుంచి తిప్పి, జాయ్‌స్టిక్‌ని ఎడమవైపు బిగించింది. ఒక టెన్నిస్ బంతికి కన్నం పెట్టి జాయ్‌స్టిక్ పిడి మీద తొడిగింది. వేళ్ళతో పట్టుకోనక్కర్లేదు, మణికట్టు దగ్గరి అరచేతి భాగంతో నెడితే చాలు. అరగంటలో బావ వాకిట్లోంచి రోడ్డు దాకా వెళ్ళి వచ్చాడు. ఈ మాట దరఖాస్తు రోజే ఎవరైనా చెప్పి ఉంటే నాలుగు నెలలు పోయేవి కావు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మోటారు కుర్చీ ప్రధానంగా దివ్యాంగులకి పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద వస్తుంది. ఇది 1981 నుంచి నడుస్తోంది. పరికరాలు ఎక్కువగా కాన్పూర్‌లోని అలింకో అనే కేంద్ర ప్రభుత్వ సంస్థవి. మోటారు కుర్చీకి 16 ఏళ్ళు నిండి ఉండాలి. వెన్నుపాము దెబ్బ, కండరాల క్షీణత, పక్షవాతం, సెరిబ్రల్ పాల్సీ లాంటి కారణాలతో కాళ్ళూ చేతుల్లో మూడో నాలుగో గానీ, శరీరంలో సగభాగం గానీ తీవ్రంగా దెబ్బతిన్నవాళ్ళకి ఇస్తారు. శిబిరాల్లో సాధారణంగా 80 శాతం, ఆపైన వైకల్యం ఉందా అని చూస్తారు. నెలకి 22,500 రూపాయల లోపు ఆదాయమైతే పూర్తి సాయం, 30,000 లోపైతే సగం. ఇంకా 16 నిండని పిల్లలుంటే మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉండే భవిత కేంద్రం టీచర్లని కలవండి. బడి పిల్లలకి సమగ్ర శిక్ష ద్వారా విడిగా శిబిరాలు పెడతారు.

రాష్ట్రం ఇచ్చే మూడు చక్రాల మోటారు బండి వేరే సంగతి. దానికి డ్రైవింగ్ లైసెన్స్ కావాలి, చేతులు బాగా పనిచేయాలి. రెండింటినీ కలిపి అడిగితే సచివాలయంలో ఏ ఫారం ఇవ్వాలో తెలియక తిప్పుతారు. "వీల్‌చైర్, మోటారుది, ఇంట్లోనూ వీధిలోనూ తిరగడానికి" అని స్పష్టంగా చెప్పండి.

ముందు చేతిలో ఉండాల్సింది యూడీఐడీ కార్డు, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డు. లేకపోతే గ్రామ లేదా వార్డు సచివాలయంలో సదరం (వైకల్య శాతం తేల్చే వైద్య పరీక్ష) స్లాట్ బుక్ చేయించుకుని, చెప్పిన రోజున చెప్పిన ఆసుపత్రికి వెళ్ళాలి. శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రో (ఇప్పటికీ అందరం రిమ్స్ అనే అంటాం), టెక్కలి జిల్లా ఆసుపత్రో స్లాట్ కాగితంలోనే ఉంటుంది. 2024 అక్టోబరులో నిబంధనలు మారాక కార్డు రంగు చూస్తేనే శాతం తెలుస్తుంది: 40 లోపు తెలుపు, 40 నుంచి 79 దాకా పసుపు, 80 నుంచి నీలం.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. వేళ్ళు ముడుచుకుపోయిన మనిషి వేలిముద్ర మిషన్ మీద పడదు. మా బావకి మూడుసార్లు పెట్టించారు, మూడుసార్లూ తిరస్కరించింది. ఐరిస్‌తోనో, ముఖం చూపించో చేయమని అడగండి. ఆధార్‌కి ఫోన్ నంబర్ లింకై ఉంటే ఓటీపీతో కొన్ని పనులు అయిపోతాయి. లింకు లేకపోతే ముందు ఆ పని చేయించుకోండి, తర్వాత టెన్షన్ ఉండదు.

ఆదాయ ధ్రువపత్రం సచివాలయంలో గానీ మీసేవలో గానీ అడగొచ్చు. మన మిత్ర వాట్సాప్ సేవ (95523 00009) ఉన్నాక దీనికి మనిషి కదలనక్కర్లేదు. దాంతో పాటు ఆధార్, రేషన్ కార్డు, యూడీఐడీ నకళ్ళు, రెండు ఫొటోలు. ఒక్కోదానికి మూడేసి కాపీలు తీయించి పెట్టుకోండి.

దరఖాస్తు ఇచ్చే దారులు మూడు. అలింకో వాళ్ళ అర్జున్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవడం ఒకటి. శ్రీకాకుళంలో విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ సహాయ సంచాలకుల ఆఫీసులో కాగితం ఇచ్చి, రాబోయే పరీక్షా శిబిరం జాబితాలో పేరు వేయించడం రెండోది. సోమవారం కలెక్టర్ గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టడం మూడోది. నా మాటగా రెండోది ముందు చేయండి, పోర్టల్ కూడా చేయండి. గ్రీవెన్స్‌ని జవాబు రానప్పటికి ఉంచుకోండి. ఎక్కడ ఇచ్చినా రసీదు నంబర్ తీసుకోకుండా బయటికి రావద్దు.

అసలు పని జరిగేది పరీక్షా శిబిరంలో. కొలతలు తీసుకునేది ఆ రోజే. బోలెడంత జనం, ఎండ, ఒక్కో మనిషికి కొద్ది నిమిషాలే దొరుకుతాయి. "నడవలేడా? సరే, మోటారు కుర్చీ" అని రాసేసి పంపేస్తారు. ఏ చేత్తో నడుపుతాడన్న గడి ఫారంలో కనిపించకపోవచ్చు. కాబట్టి ముందే మీ ఫిజియోథెరపిస్టు చేతో, ఆర్థోపెడిక్ డాక్టర్ చేతో ఒక చీటీ రాయించి దరఖాస్తుకి పిన్ చేయండి. మా బావ విషయంలో అయితే ఇలా ఉండాల్సింది: "కుడి చేతిలో పట్టు లేదు. ఎడమ మణికట్టు, మోచెయ్యి కదలిక ఉంది. జాయ్‌స్టిక్ ఎడమవైపు అమర్చాలి. పెద్ద గుండ్రటి పిడి కావాలి. వేగం, తిరిగే వేగం తగ్గించి పెట్టాలి. నడుము పట్టీ, పక్క ఆసరాలు అవసరం."

చీటీ రాయించే ముందు ఇంట్లో ఒక పరీక్ష చేయండి. మనిషిని కూర్చోబెట్టి, అలసిపోకుండా, కావాలన్నప్పుడల్లా, ఇరవై ముప్పై సార్లు చేయగలిగే కదలిక ఏదో చూడండి. అది వేలు కావచ్చు, గడ్డం కావచ్చు, తల పక్కకి వాల్చడం కావచ్చు, పాదం కావచ్చు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి. కండరాల క్షీణత ఉన్నవాళ్ళకి సాయంత్రానికి బలం తగ్గిపోతుంది. ఏ కదలిక నమ్మకంగా ఉంటే కంట్రోల్ దాని దగ్గర పెట్టాలి.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో చేతులూ కాళ్ళూ చచ్చుబడిన సైనికుల కోసం కెనడాలో జార్జ్ క్లైన్ అనే ఇంజినీర్ 1950ల్లో మోటారు కుర్చీ తయారు చేసినప్పటి నుంచీ ప్రశ్న ఇదే. ఇప్పుడు గడ్డంతో నడిపే చిన్న జాయ్‌స్టిక్‌లున్నాయి. తలకి ఆనుకునే దిండులో సెన్సర్లు పెట్టి, తల ఎటు వాలిస్తే అటు తిరిగేవి ఉన్నాయి. నోట్లో గొట్టం పెట్టుకుని గట్టిగా ఊదితే ముందుకి, గట్టిగా పీలిస్తే వెనక్కి, మెల్లగా ఊదితే ఒక పక్కకి, మెల్లగా పీలిస్తే ఇంకో పక్కకి వెళ్ళేవి ఉన్నాయి. ఒకే ఒక్క స్విచ్ నొక్కగలిగినా, తెరమీద బాణం గుర్తులు వరసగా వెలుగుతుంటే కావాల్సిన దగ్గర నొక్కి నడపొచ్చు. చేయి వణికేవాళ్ళకి ప్రోగ్రామింగ్‌లో ఆ వణుకుని లెక్కచేయకుండా సెట్ చేయొచ్చు. బలం తక్కువైతే జాయ్‌స్టిక్ కొద్దిగా కదిపినా పూర్తి వేగం వచ్చేలా పెట్టొచ్చు.

అయితే ఇవన్నీ ఏ కుర్చీకైనా తగిలించలేం. కొన్ని కుర్చీల్లో కంట్రోలర్ (మోటార్లని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) జాయ్‌స్టిక్‌తో తప్ప తల, గడ్డం కంట్రోళ్ళతో పనిచేయదు, పీజీ డ్రైవ్స్ అనే సంస్థ వీఆర్2 లాంటివి. అదే సంస్థ ఆర్-నెట్ లాంటి కంట్రోలర్లకైతే తర్వాత గడ్డం కంట్రోలో, తల స్విచ్చులో కలపొచ్చు. సొంత డబ్బుతో కొనేవాళ్ళు షాపులో మొదట అడగాల్సిన ప్రశ్న "దీనికి ఇంకో కంట్రోల్ కలుస్తుందా" అన్నదే. జబ్బు పెరిగే స్వభావం ఉన్నదైతే మరీ అడగాలి. ఈరోజు చేయి పనిచేస్తోందని కొన్న కుర్చీ రెండేళ్ళ తర్వాత మూలపడుతుంది.

శిబిరంలో వచ్చేది మామూలుగా జాయ్‌స్టిక్ కుర్చీ. చేతులు అసలు పనిచేయనివాళ్ళకి అది సరిపోదు. వాళ్ళకి నా సలహా, కటక్ దగ్గర ఒలట్‌పూర్‌లో ఉన్న స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థలో పరీక్ష చేయించుకుని కాగితం తెచ్చుకోవడం. అది కేంద్ర ప్రభుత్వ సంస్థే. ఆమదాలవలస నుంచో, పలాస నుంచో కటక్‌కి రైలుంది. సోంపేట, ఇచ్ఛాపురం వాళ్ళకి ఒడియా కూడా కాస్తో కూస్తో వచ్చు కాబట్టి భాష ఇబ్బంది ఉండదు. ఆ కాగితం, కుర్చీ కొటేషన్ కలిపి ఎంపీ నిధుల కోసం అర్జీ పెట్టుకోవచ్చు. దివ్యాంగుల పరికరాలకి ఆ నిధులు వాడటానికి నిబంధనల్లో వీలుంది. అడిప్ పథకం ఇచ్చే సాయానికి మించిన ఖర్చుకి కూడా ఇదే దారి. కంపెనీలు సమాజ సేవకి కేటాయించే సీఎస్ఆర్ నిధుల కోసం కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీకీ ఇవే కాగితాలు జతచేయండి.

పంపిణీ రోజున సంతకం పెట్టే ముందు మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి నడిపించండి. జాయ్‌స్టిక్ రెండో వైపుకి మార్చి చూపించమనండి. వేగం తగ్గించే బటన్, మోటారు విడదీసి చేత్తో నెట్టుకునే లివర్ ఎక్కడున్నాయో అడగండి. కరెంటు పోయి ఛార్జింగ్ అయిపోతే ఆ లివరే దిక్కు. వారంటీ కార్డు మీద తేదీ, ముద్ర వేయించండి. రిపేరుకి ఎవరికి ఫోన్ చేయాలో ఆ కార్డు వెనకే రాయించుకోండి. కుర్చీతో వచ్చిన అలెన్ కీని సీటు వెనక సంచికి తాడుతో కట్టేయండి. మా ఇంట్లో ఇప్పుడు అది అక్కడే ఉంటుంది.