కష్టమైన గ్రూప్ క్లాస్‌కి మొదటిసారి వెళ్తున్నారా?

హెచ్‌ఐఐటీ (కాసేపు చాలా వేగంగా, కాసేపు నెమ్మదిగా చేసే వ్యాయామం) లాంటి క్లాస్‌కి కొత్తగా వెళ్లేవాళ్లు మొహమాటంతో చివరి వరుసలో నిలబడతారు. అది పొరపాటు. అందరినీ వెనక్కి తిరగమన్నారంటే ముందు వరుస మీదే! రెండో వరుసలో, ఓ పక్కగా నిలబడండి. ట్రైనర్ కాళ్లు కనిపిస్తాయి, మధ్యలో ఆగినా ఎవరికీ అడ్డం కాదు.

పదిహేను నిమిషాలు ముందే వెళ్లి, "ఇదే మొదటిసారి, మోకాలు కొంచెం నొప్పి" అని ఉన్నదున్నట్టు ట్రైనర్‌కి చెప్పేయండి. తేలికపాటి పద్ధతులు చూపిస్తారు. బర్పీలో (వంగి చేతులు నేలకు ఆన్చి, కాళ్లు వెనక్కి ఎగరేసి, మళ్లీ లేచి గెంతే వ్యాయామం) ఎగరకుండా ఒక్కో కాలూ వెనక్కి పెట్టి, మళ్లీ ఒక్కోటే ముందుకు తెచ్చి లేవచ్చు. దానికి సిగ్గుపడక్కర్లేదు, అదీ వ్యాయామమే.

క్లాస్ మొదలయ్యేముందు కంగారుతో గుండె దడగా ఉంటే నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. రెండు నిమిషాలు చాలు.

చాలామంది పొరపాటు చేసేది మొదట్లోనే. కంగారులో పక్కవాళ్ల వేగం అందుకోబోయి సగానికే చతికిలపడతారు. వార్మప్‌లో చిన్న వాక్యం మాట్లాడగలగాలి, అది కూడా రాకపోతే వేగం తగ్గించండి. ఆయాసం వస్తే ఠక్కున ఆగి కూర్చోకండి. రక్తం కాళ్లలోనే నిలిచి కళ్లు తిరగొచ్చు. ఉన్నచోటే నెమ్మదిగా అడుగులేయండి. ఛాతీలో నొప్పిగా ఉంటే మాత్రం వెంటనే ఆపేసి ట్రైనర్‌ని పిలవండి.

స్టెప్పులు తప్పితే చేతులు వదిలేసి కాళ్లు మాత్రమే కలపండి. కాళ్లు కుదిరాక చేతులు.